వీధి కాలువకు డబ్బు ఎక్కడ ఆగుతుంది? తిరుపతిలో పెద్ద పనులు మంజూరయ్యే దారి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో రైలు పట్టాలకు కొండ వైపున్న ఒక లోతట్టు కాలనీలో ఉంటున్నారు. గట్టి వాన పడితే వీధిలో మోకాలు లోతు నీళ్లు. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ "ప్రపోజల్స్ పెట్టాం, ఫండ్స్ రావాలి" అంటున్నారు, పేపర్లో చూస్తే బడ్జెట్ వందల కోట్లు. ఊరికి పదేళ్లు పనికొచ్చే పెద్ద ఖర్చును ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు సంతకం పెడతారు, మాలాంటి వాళ్లు ఎక్కడ మాట్లాడాలి అని అడిగారు.

నేను మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరి డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) రిటైర్ అయ్యాను. రాయలసీమలో నాలుగైదు ఊళ్లు తిరిగాను. నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

"ఫండ్స్ రావాలి" అన్న మాట అబద్ధం కాదు, కానీ సగం మాటే. కార్పొరేషన్ డబ్బంతా ఒకే బీరువాలో ఉండి, కమిషనర్ గారు ఎటు కావాలంటే అటు తీసి ఖర్చు పెట్టేది కాదు. వచ్చే ప్రతి రూపాయికీ ముందే ఒక పద్దు ఉంటుంది. ఉదాహరణకు 15వ ఆర్థిక సంఘం నిధులు తీసుకోండి. 2021 నుంచి 2026 వరకు దేశంలో పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు వచ్చిన గ్రాంటులో 40 శాతమే మనకు నచ్చిన పనికి వాడుకోవచ్చు, అది కూడా జీతాలకు వాడకూడదు. మిగతా 60 శాతంలో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. అమృత్ 2.0 అనే కేంద్ర పథకం డబ్బు ప్రధానంగా తాగునీటి సరఫరాకు, మురుగునీటి పైపులకు, శుద్ధి కేంద్రాలకు, చెరువుల పునరుద్ధరణకు. మొదటి అమృత్‌లో వాననీటి కాలువలకు కూడా చోటుండేది. రెండో దాంట్లో చెరువుతో ముడిపెడితే తప్ప ఆ అవకాశం బాగా తగ్గింది. మనం ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అన్నిటినీ డ్రైనేజీ అనే అంటాం గానీ ఆఫీసు లెక్కల్లో మురుగునీటి పైపు వేరు, వాననీటి కాలువ వేరు, రెండింటి పద్దులూ వేరు. మీరు అర్జీలో "మా వీధికి డ్రైనేజీ వేయండి" అని రాస్తే, ఆ కాగితం తప్పు ఫైల్లోకి పోయే అవకాశం ఎక్కువ. ఇలా పోయిన అర్జీలు నా చేతుల మీదుగానే చాలా నడిచాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక సొంత ఆదాయం, అంటే జనరల్ ఫండ్. ఆస్తి పన్ను, నీటి చార్జీలు, ఖాళీ స్థలాల పన్ను, ఇంటి ప్లాన్ల ఫీజులు, షాపుల అద్దెలు అన్నీ ఇందులోకే వస్తాయి. ఇందులోంచి ముందు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాలకు, పంపింగు మోటార్లకు కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిల్, రిపేర్లు పోవాలి. మురికివాడలకు, ఎస్సీ ఎస్టీ కాలనీలకు కేటాయించాల్సిన వాటా పక్కన పెట్టాలి. ఇవన్నీ పోయాక మిగిలేదే కొత్త పనులకు. మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కకడుతున్నారు, పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్న పరిమితి పెట్టారు. పైగా తిరుపతిది ప్రత్యేకమైన కష్టం. 2011 జనాభా లెక్కల్లో ఊళ్లో మనుషులు మూడు లక్షలకు కాస్త తక్కువ. కానీ కొండకు పోయే భక్తులు రోజూ వేలకు వేలు ఈ ఊరి మీదుగానే పోతారు, ఇక్కడి నీళ్లు తాగుతారు, ఇక్కడి రోడ్ల మీద తిరుగుతారు. పన్ను కట్టేది మూడు లక్షల మంది, ఊరు మోసేది అంతకు మించిన భారం. 2023లో టీటీడీ పాలకమండలి తన బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది, రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. భక్తుల కానుకలు ఊరి రోడ్లకు వాడొచ్చా అన్నదాని మీద రెండు వైపులా బలమైన వాదనలున్నాయి, ఆ చర్చలోకి నేను పోను. ఊరి మీద భారం ఉందన్న సంగతి మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు అసలు విషయం. అమెరికా లాంటి చోట్ల చాలా నగరాలకు ఐదారేళ్ల క్యాపిటల్ ప్రణాళిక అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ పని, ఏ సంవత్సరం, ఎంత ఖర్చు, డబ్బు ఎక్కడి నుంచి, కట్టాక ఏటా నిర్వహణకు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. ఏటా ఒక సంవత్సరం గడిచిపోగానే చివర ఇంకో సంవత్సరం చేరుస్తారు, మొదటి సంవత్సరం పనులే ఆ ఏటి బడ్జెట్‌లోకి వస్తాయి. మన ఊళ్లకు అలా ఒకే పుస్తకం లేదు. మన ప్రణాళిక ముక్కలు ముక్కలుగా నాలుగైదు చోట్ల ఉంటుంది. రోడ్ల వెడల్పు, స్థలాల వాడకం తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో. నీళ్ల సంగతి అమృత్ కోసం తయారు చేసే నగర నీటి ప్రణాళికలో. అంతకు ముందు జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే పాత కేంద్ర పథకం కోసం తయారు చేసిన నగరాభివృద్ధి ప్రణాళిక ఒకటి, ఆ తర్వాత స్మార్ట్ సిటీ పోటీ కోసం తయారు చేసిన ప్రతిపాదన ఇంకొకటి. ఏ పథకం వస్తే ఆ పథకం అడిగిన ఆకారంలో ప్రణాళిక రాస్తాం, పథకం ముగిస్తే ఆ కాగితాలు అటక ఎక్కుతాయి. డబ్బు వెనకాల ప్రణాళిక పరిగెడుతోంది. ప్రణాళిక ముందుంటే డబ్బు దాని వెనకాల వస్తుంది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే.

దీనికి ఇంకో కారణం కూడా చెప్పాలి. తిరుపతి 1886లో మున్సిపాలిటీ అయింది, 2007లో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌గా మొదటి పాలకమండలి ఎన్నిక జరిగింది 2021లో. మధ్యలో ఇన్నేళ్లూ ప్రత్యేకాధికారుల పాలనే. అధికారులు మంచివాళ్లే కావచ్చు, కానీ రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ అయ్యే మనిషి పదేళ్ల పనుల జాబితా పట్టుకుని కూర్చోవడం కష్టం. 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు 18 బాధ్యతల జాబితా ఇచ్చింది, వార్డు కమిటీల మాట కూడా అందులోనే ఉంది. ఆ వార్డు కమిటీ కూర్చుని "మా వార్డుకు వచ్చే ఐదేళ్లలో ఈ మూడు పనులు" అని వరుస ఇస్తే ఇంజినీరుకు ఎంత బలమో మాటల్లో చెప్పలేను.

స్మార్ట్ సిటీ సంగతి చూస్తే ఆమోదాలు ఎలా మారిపోతాయో తెలుస్తుంది. తిరుపతి 2016 సెప్టెంబరులో ఎంపికైంది. కేంద్రం ఒక్కో నగరానికి ఐదేళ్లలో 500 కోట్ల దాకా, అంతే మొత్తం రాష్ట్రమూ నగరమూ కలిపి వేసుకోవాలని నియమం. ఖర్చు చేసేది కార్పొరేషన్ కాదు, రాష్ట్రానికీ కార్పొరేషన్‌కూ చెరి సగం వాటాతో పెట్టిన కంపెనీ. అంటే ఆ పనులకు ఆమోదం కౌన్సిల్ హాల్లో కాదు, కంపెనీ బోర్డు మీటింగులో. శ్రీనివాస సేతు వంతెన అలా వచ్చిందే. ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు టీటీడీది, మిగతాది స్మార్ట్ సిటీది. అంత పెద్ద వంతెనకు టీటీడీ బోర్డు, స్మార్ట్ సిటీ బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం అందరూ ఒక మాట మీదికి రావాలి. 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. బస్టాండు దగ్గర, లీలామహల్ దగ్గర ట్రాఫిక్‌లో గంటల కొద్దీ నిలబడినవాళ్లకు దాని విలువ తెలుసు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, డబ్బు ఎవరిదో ఆమోదం కూడా వాళ్లదే. మీ పని ఏ డబ్బుతో చేయాలో తేలితే, మీరు ఏ గుమ్మం ముందు నిలబడాలో కూడా తేలుతుంది.

బడ్జెట్ వార్త చూసి మోసపోకండి. బడ్జెట్ అంటే ఖర్చు పెట్టుకోవడానికి అనుమతి, చేతిలో ఉన్న డబ్బు కాదు. కమిషనర్ అంచనాలు తయారు చేస్తారు, స్టాండింగ్ కమిటీ చూస్తుంది, తర్వాత కౌన్సిల్ ఆమోదిస్తుంది, ప్రభుత్వానికి పోతుంది. వస్తాయని ఆశపడే గ్రాంట్లన్నీ రాబడి వైపు రాస్తారు, దానికి సరిపడా పనులు ఖర్చు వైపు రాస్తారు, మొత్తం పెద్దగా కనిపిస్తుంది. పుస్తకం చేతికొస్తే మీరు చూడాల్సింది వచ్చే ఏటి అంచనా కాదు, పక్కనున్న గత ఏడాది వాస్తవ ఖర్చు గడి. వాననీటి కాలువల పద్దు ఎదురుగా పోయిన ఏడు అంచనా ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మూడేళ్లు వరసగా అంచనా ఘనంగా ఉండి వాస్తవం చిన్నగా ఉందంటే ఆ పద్దు కింద పనులు సిద్ధంగా లేవన్నమాట, లేదా అనుకున్న గ్రాంటు రాలేదన్నమాట. ఏది నిజమో కౌన్సిల్లో మీ కార్పొరేటర్ లేచి అడగాల్సిన ప్రశ్న అది.

సరే, ఒక పని కాగితం మీద ఎలా నడుస్తుందో చెప్తాను. వార్డు సచివాలయంలో వసతుల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీ ఉంటారు, అర్జీ అక్కడ మొదలవుతుంది. ఏఈ వచ్చి స్థలం చూస్తారు, కొలతలు తీస్తారు, ఎస్‌ఎస్‌ఆర్ రేట్లతో (ప్రభుత్వం నిర్ణయించిన ప్రామాణిక ధరలతో) ఎస్టిమేట్ వేస్తారు. తర్వాత పరిపాలనా అనుమతి, అంటే "ఈ పని కావాలి, ఈ పద్దులోంచి ఇంత డబ్బు ఇస్తాం" అనడం. పని విలువను బట్టి అది కమిషనర్ దగ్గరా, స్టాండింగ్ కమిటీ దగ్గరా, కౌన్సిల్ దగ్గరా, ప్రభుత్వం దగ్గరా అన్నది తేలుతుంది. ఆ తర్వాత సాంకేతిక అనుమతి, అంటే "డిజైన్ సరిగ్గా ఉంది, రేట్లు సరిగ్గా ఉన్నాయి" అని పై ఇంజినీర్లు సంతకం పెట్టడం. పెద్ద పనైతే ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగం దాకా పోతుంది. అప్పుడు టెండరు, అగ్రిమెంటు, పని, ఎంబుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు, క్వాలిటీ కంట్రోల్ వాళ్ల పరీక్షలు, బిల్లు. చదవడానికి వరసగా ఉంది గానీ మధ్యలో చాలా చోట్ల జారిపోతుంది. ఎస్టిమేట్ వేసి రెండేళ్లు ఫైల్లో ఉంటే సిమెంటు, ఇనుము ధరలు పెరిగిపోయి ఆ రేటుకు టెండరు ఎవరూ వేయరు. మళ్లీ కొత్త రేట్లతో ఎస్టిమేట్, మళ్లీ మొదటి నుంచి. లేదంటే పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు ముందుకు రారు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఊరి పేరు వద్దు. ఒక లోతట్టు వీధికి కాలువ మంజూరైంది. మంజూరైన డబ్బుకు 800 మీటర్లు వస్తుంది. వంకలో, అంటే వాగులో, కలపాలంటే ఇంకో 130 మీటర్లు కావాలి. మార్చి లోపల ఖర్చు పెట్టకపోతే నిధులు వెనక్కి పోతాయని ఒత్తిడి, చివరి ముక్క రెండో దశలో పెడదామన్నారు. నేనూ సరేనని సంతకం పెట్టాను. కాలువ కట్టాం, ప్రారంభం కూడా అయింది. రెండో దశ మూడేళ్లు రాలేదు, ఎందుకంటే ఆ పథకమే ముగిసిపోయింది.

మొదటి వానాకాలం ఒక రోజు తెల్లారి ఆరింటికి ఆ వీధికి పోయాను. ఒక ముసలామె మంచం కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టుకుని, బియ్యం బస్తాను మంచం మీదికి ఎక్కించి, తను గడప మీద కూర్చుని ఉంది. "ఏం నాయనా, కాలవ కడితే నీళ్లు పోతాయంటిరి, ఇప్పుడు ఆ కాలవలోనుంచే ఇంట్లోకి వస్తా ఉండాయి కదా" అనింది. కోపంగా కాదు, మామూలుగా అనింది. అదే ఇంకా కష్టంగా ఉండింది నాకు. వాన తగ్గాక ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవల్ పెట్టి చూశాం. వర్క్ ఇన్‌స్పెక్టర్ స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) పట్టుకుని కాలువ మొదట్లో నిలబడితే ఒక రీడింగ్, కాలువ చివర్లో రీడింగ్ పెరిగింది, అంటే వాలు సరిగ్గానే ఉంది. స్టాఫ్ తీసుకుని వంకలో నిలబడగానే రీడింగ్ తగ్గిపోయింది. తగ్గిందంటే అక్కడ అడుగు ఎత్తుగా ఉందని. పూడిక, ఇళ్లు పడగొట్టిన మట్టి, ప్లాస్టిక్ పేరుకుపోయి వంక అడుగు మా కాలువ అడుగు కంటే జానెడున్నర పైన ఉంది. నిండిన వంక నీళ్లు మధ్యలో వదిలేసిన పల్లం మీదుగా మా కాలువలోకే తోసుకొస్తున్నాయి. మిగిలిన 130 మీటర్లు కట్టినా వంక పూడిక తీయకుండా ఆ నీళ్లు పోయేవి కావు. ఆ పూడికకు మాకు పద్దు లేదు, ఏటా తీయడానికి డబ్బు ఎవరూ రాయలేదు. అప్పటి నుంచి ఎక్కడ ఎస్టిమేట్ నా ముందుకొచ్చినా మొదటి పేజీ కాదు, కాలువ చివర అడుగు లెవల్ చూసేవాణ్ణి.

తిరుపతికి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఈ ఊరి నేల వాలు ఉత్తరాన కొండ నుంచి దక్షిణాన స్వర్ణముఖి వైపు. మధ్యలో రైలు పట్టాలు అడ్డంగా ఉన్నాయి. కొండ మీద కురిసిన వాన గంటల్లో ఊళ్లోకి దిగుతుంది, పట్టాల కింద ఉన్న కొన్ని దారుల్లోంచే అవతలికి పోవాలి. ఊళ్లో పేర్లు చూడండి: కొర్లగుంట, తాతయ్యగుంట, కేశవాయనగుంట, తుమ్మలగుంట. నీళ్లు నిలిచే చోటు కాబట్టే పెద్దలు గుంట అన్నారు. ఇప్పుడు వాటిలో చాలా చోట్ల ఇళ్లున్నాయి. 2021 నవంబరు వానలకు ఊరు మునిగినప్పుడు నీళ్లు ఎవరినీ దారి అడగలేదు, తమ పాత దారి పట్టుకునే వచ్చాయి. కాబట్టి మీ వీధికి ఒక్కదానికే కాలువ అడిగితే లాభం లేదు. మీ వీధి నీళ్లు ఏ వంకలో కలుస్తాయి, ఆ వంక పట్టాలు ఎక్కడ దాటుతుంది, దాటే చోట తూము వెడల్పు సరిపోతుందా, ఈ మూడూ తేలాలి. తూము పెద్దది చేయాలంటే రైల్వే అనుమతి కావాలి, ఆ పని రైల్వే పర్యవేక్షణలో జరగాలి, డబ్బు మాత్రం కార్పొరేషన్ ముందే డిపాజిట్ చేయాలి. ఒక్క వార్డు గ్రాంటుతో అయ్యే పని కాదు. అందుకే ఊరంతటికీ వాననీటి ప్రణాళిక ఒకటి ఉండాలి, అందులో పనులు కింది నుంచి పైకి, అంటే స్వర్ణముఖి వైపు నుంచి కొండ వైపుకు వరుస కట్టాలి. పైనుంచి మొదలుపెడితే మీ నీళ్లు తీసుకెళ్లి కింది కాలనీ మీద పోసినట్టు అవుతుంది.

అంత పెద్ద డబ్బు ఎక్కడి నుంచి అంటారా? స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడు కేంద్రం నుంచి వచ్చేది గ్రాంటు కంటే అప్పు వైపు మొగ్గుతోంది. మధ్యతరహా ఊళ్ల కోసం 2023లో ప్రకటించిన పట్టణ మౌలిక వసతుల నిధి నేషనల్ హౌసింగ్ బ్యాంకు ద్వారా ఇచ్చే అప్పే. 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పిన లక్ష కోట్ల అర్బన్ చాలెంజ్ ఫండ్ కూడా ప్రాజెక్టు ఖర్చులో నాలుగో వంతు దాకానే ఇస్తుంది, కనీసం సగం బాండ్లు, బ్యాంకు అప్పులు, ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా తెచ్చుకోవాలి. హైదరాబాద్ 2018లో మొదటి విడత 200 కోట్లు బాండ్ల ద్వారా తెచ్చుకుంది, అదే ఏడు విశాఖ 80 కోట్లు తెచ్చుకుంది, దాదాపు పది శాతం వడ్డీకి. తిరుపతి కూడా ఆ దారి పట్టొచ్చు, కానీ కార్పొరేషన్ అప్పు చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, లెక్కలు సకాలంలో ఆడిట్ అయి ఉండాలి, రేటింగ్ బాగుండాలి, ఏటా కిస్తీ కట్టగల సొంత ఆదాయం కనిపించాలి. నా అభిప్రాయం అడిగితే, నలభై ఏళ్లు నిలిచే కాలువకు, నీటి పైపుకు అప్పు చేయడం తప్పు కాదు, వాడుకునే రేపటి వాళ్లు కూడా కొంత కడతారు. సుందరీకరణకు, ఫౌంటెన్లకు అప్పు చేయడం మాత్రం తప్పు.

మీరు చేయాల్సింది చెప్తాను. ముందు అర్జీ మార్చండి. "వాననీటి కాలువ" అని రాయండి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఏ వంకలో కలవాలి, సుమారు ఎన్ని మీటర్లు, ఎన్ని ఇళ్లు, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి. గోడ మీద నీటి మరక ఉంటే టేపు పట్టి ఫోటో తీసి జత చేయండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి. ఒక్కరే పోకండి, కింది కాలనీ వాళ్లను కూడా కలుపుకుని పోండి, ఎందుకంటే రేపు మీ కాలువకు మొదట అడ్డం చెప్పేది వాళ్లే, వాళ్ల భయం న్యాయమైందే. తర్వాత పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద నాలుగు అడగండి: మా వీధి పనికి ఎస్టిమేట్ వేశారా, వేస్తే ఏ సంవత్సరం రేట్లతో, ఏ పద్దు కింద పరిపాలనా అనుమతికి పెట్టారు, కాలువ చివర అడుగు లెవల్ ఎంత, కలిసే వంక అడుగు లెవల్ ఎంత. ఎస్టిమేట్ లేదని జవాబొస్తే అదే మీకు పెద్ద ఆధారం, ఎస్టిమేట్ లేని పనికి నిధులు రావాలనడం సరికాదు కాబట్టి ముందు అది వేయించండి. మన రాష్ట్రంలో నవంబరు, డిసెంబరులోనే బడ్జెట్ కసరత్తు మొదలవుతుంది. ఫిబ్రవరిలో పోతే ఆలస్యం, దసరా అయిన వెంటనే మీ కార్పొరేటర్‌ను కలవండి. పని పూర్తయ్యాక కూడా లోపాలు సరిచేసే బాధ్యత సాధారణంగా రెండేళ్లు కాంట్రాక్టర్ మీదే ఉంటుంది, అగ్రిమెంటు తేదీ, పని ముగిసిన తేదీ రాసి పెట్టుకోండి.

ఆ రెండు లెవల్స్ మీ చేతికి వస్తే ఇక్కడే రాయండి. మీ వీధి నీళ్లు పోతాయా పోవా అన్నది వాటిని చూస్తే చెప్పేయొచ్చు, నేను లెక్క వేసి పెడతాను.